పుట్టినరోజులు దోచుకున్న రాజుకు మా మాట

2023 ఏప్రిల్. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం సెల్లార్‌లో ఉన్న డబ్బింగ్ స్టూడియో. పైన పది అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, కింద కార్ల పక్కన గొంతులు అరగదీసుకునే మేము. ఎనిమిదో తరగతిలో నేను బడికి దండం పెట్టాను. బడి నాకు రెండు చేతులా పెట్టింది. హెడ్‌మాస్టర్ గొంతును ఆయన వెనకే నిలబడి దించడం ఒక్కటే నాకు అబ్బిన విద్య. పద్నాలుగేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను.

అందులో ఎక్కువ భాగం గ్రూప్ డబ్బింగే. సంతలో జనం గోల, యుద్ధంలో చచ్చేవాళ్ల కేక, పెళ్లిలో "వడ్డించండయ్యా" అనే గొంతు, అవన్నీ మేమే. ఒకే సినిమాలో పదకొండు సార్లు చచ్చిన రోజులున్నాయి నాకు. అలాంటి వాడికి మొదటిసారి మొదటి సీను నుంచి చివరి సీను దాకా బతికి ఉండే పాత్ర దొరికింది. పరాయి దేశం నుంచి వచ్చిన పిల్లల సినిమా, మాయలు, ఎగిరే గుర్రాలు. అందులో విలన్ ఒక రాజు. వయసు నలభై, బుద్ధి నాలుగు. సింహాసనం మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. ఊళ్లో మిఠాయిలన్నీ వాడివే, గాలిపటాలన్నీ వాడివే. అవి చాలక రాజ్యంలో అందరి పుట్టినరోజులూ లాక్కుంటాడు. రోజూ వాడి పుట్టినరోజే. ఇంకెవరికీ ఉండకూడదు.

డబ్బింగ్ డైరెక్టర్ శ్రీధర్ గారు. భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. మర్యాదస్తుడే, అబద్ధం ఎందుకు? మొదటి రోజే చెప్పారు.

"యాదగిరి గారూ, వీడికి మీ తెలంగాణ యాస పెట్టేద్దామండి. కామెడీ బ్రహ్మాండంగా పండుతుంది."

నేను ఎగిరి గంతేశాను. మాది లింగంపల్లి. స్టేషన్ చుట్టూ ఇంకా చేలున్నప్పటి లింగంపల్లి. నా మాటే నాకు కూడు పెడుతుందంటే వద్దంటానా?

మా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. సినిమాను చిన్న ముక్కలుగా కోసి తెర మీద తిప్పుతారు, దాన్ని లూప్ అంటారు. బొమ్మ నోరు తెరిచినచోట మన మాట మొదలవ్వాలి, మూసినచోట ఆగాలి. అది లిప్ సింక్. అది కుదరకపోతే ఎంత ఏడ్చినా అది మన ఏడుపే, బొమ్మది కాదు.

మూడు రోజులు చెలరేగిపోయాను. "గీ లడ్డు నాది, గా లడ్డు నాది, నీ నోట్ల ఉన్న లడ్డు గూడ నాదే, కక్కు!" అంటే అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ కడుపు పట్టుకున్నాడు. మా అమ్మ మమ్మల్ని తిట్టే తిట్లు, అలిగినప్పుడు సాగదీసే మాటలు, అన్నీ ఆ దొంగరాజు నోట్లో పోశాను. ఇంట్లో ఉన్నది ఊడ్చి పెట్టడమంటే అదే.

నాలుగో రోజు ఎనిమిదేళ్ల అక్షిత వచ్చింది. రాజు తన పుట్టినరోజు లాక్కుంటే కోటకు వెళ్లి తిరిగి అడిగే చిన్న పిల్ల పాత్ర ఆమెది. వెంట అమ్మమ్మ నర్సమ్మ, గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆ రోజుకు సెలవు పెట్టి వచ్చింది. నెల రోజులు ఆ పిల్లకు "తీరుగా", అంటే పుస్తకంలో ఉన్నట్టు, మాట్లాడటం నేర్పించారట. నిజంగానే పొద్దున ఆరు లూపులు అద్దంలా చెప్పింది.

విరామంలో మేమంతా కూర్చుని ఉంటే పిల్ల అమ్మమ్మ వైపు తిరిగి అంది. "అమ్మమ్మా, జర నీళ్లియ్యి. గొంతు ఎండుకపోతున్నది."

నా నాలుకకు ఎప్పుడూ దురదే. వెంటనే రాజు గొంతు పెట్టాను. "ఎవలీ పోరి? నా చెల్లెలా ఏంది?"

అందరూ పగలబడి నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. పిల్ల నీళ్ల సీసా చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది, తాగలేదు. నర్సమ్మ నవ్వలేదు.

తర్వాతి లూపే సినిమాకు గుండెకాయ. కోటలో నిలబడి పిల్ల అనాలి: "నా పుట్టినరోజు నాకు తిరిగి ఇచ్చేయండి." అక్షిత హెడ్‌ఫోన్స్‌లో నేను చెప్పిన రాజు మాటలు వింటూ మైకు ముందు నిలబడింది. తొమ్మిది టేకులయ్యాయి. ప్రతి మాటా తప్పేమో అన్నట్టు తడుముకుంటోంది. పదో టేకుకు నోరే తెరవలేదు.

శ్రీధర్ గారు వాచీ చూసుకున్నారు. "నల్లగండ్లలో ఇంకో పాప ఉందండి. ఒంటిగంట దాకా చూసి పిలిపించేద్దాం."

నర్సమ్మ నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, జర నువ్వన్న చెప్పు దానికి. నెల సంది నిద్రల గూడ గదే పాట పాడింది. ఇయ్యాల పంపిస్తే మల్ల నోరు తెరవది."

గదిలోకి వెళ్లి పిల్ల పక్కన కింద కూర్చున్నాను. ఏదో జోకు వేద్దామనుకున్నాను. ఆమే ముందు అడిగింది.

"అంకుల్, ఆ రాజు చెడ్డోడు గద? గాయన మా అమ్మమ్మ లెక్క ఎందుకు మాట్లాడుతుండు?"

ఆ మాటతో లేచి నిలబడ్డాను.

బయటికొచ్చి స్క్రిప్టు కాగితాలు మొత్తం తిరగేశాను. అప్పటిదాకా నా పాత్ర పేజీలు తప్ప చూసినవాణ్ని కాదు. ఇరవై రెండు పాత్రలు. తల్లి, గురువు, సైనికుడు, రొట్టెలు కాల్చే ముసలమ్మ అందరూ పుస్తకంలా మాట్లాడుతున్నారు. ఆఖరికి చిలక కూడా "అయ్యో, ఇప్పుడెలా?" అంటోంది. పిల్లల నోటి దగ్గరిది లాక్కునేవాడు ఒక్కడే మా ఇంట్లో పుట్టినవాడు. ఒళ్లు మండిపోయింది. ఆ యాస పెట్టించినవాడి మీద మండింది, నవ్విన నా మీద అంతకంటే ఎక్కువ మండింది. నేరుగా శ్రీధర్ గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, చిలకకు ఏ కాలేజీల నేర్పిన్రు సార్ గంత మంచి తెలుగు?"

"ఇప్పుడు ఇదంతా ఎందుకండీ?"

"ఇరవై ఇద్దర్ల ఒక్క మంచోడు గూడ మా లెక్క మాట్లాడడా?"

"మీరే కదండీ సరదాగా ఒప్పుకున్నారు!"

"ఒప్పుకున్న. బుద్ధి గడ్డి తిన్నది. ఇగ రెండే రెండు. గా పిల్లను గూడ దాని మాటల చెప్పనియ్యుండ్రి, లేకుంటే నా రాజు మాట మార్చుండ్రి."

"ఆమె హీరోయిన్ అండి! జనం ఒప్పుకోరు."

"ఏ జనం సార్? కాచిగూడ జనమా, కాకినాడ జనమా? ఒక్కపారి అడిగిన్రా ఎవల్నన్న?"

ఆయన తల పక్కకు తిప్పుకుని, ఇంజనీర్‌కు ఒక్క టేకు అన్నట్టు వేలు చూపించారు. నేను మైకు దగ్గరికెళ్లి పిల్లతో అన్నాను. "బిడ్డా, తప్పు నాది. నిన్ను చూసి నవ్వినోడు గాడిద. ఇప్పుడు నీకెట్లొస్తే అట్లనే అడుగు. వాడు నీది గుంజుకున్నడు."

తెర మీద బొమ్మ నోరు తెరిచింది. అక్షిత అరిచింది.

"నా పుట్టినరోజు నాకియ్యి! అది నీది గాదు!"

పెదవులు ఎక్కడా తప్పలేదు. ఇంజనీర్ చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్స్ తీసి చేత్తో పట్టుకున్నాడు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీధర్ గారు అన్నారు. "అద్భుతంగా ఉంది. కానీ వాడలేమండి."

పిల్ల ఆయన వంక సూటిగా చూసింది. "గట్లనే గావాల్నా? సరే, పెట్టుండ్రి." ఒక్క టేకు. "నా పుట్టినరోజు నాకు తిరిగి ఇచ్చేయండి." అంతే కోపం, అంతే గొంతు, వాళ్లడిగిన మాటలు. పాత్ర ఆమెకే మిగిలింది.

రాజు మాట మార్చనన్నారు, నా పాత్ర నాకు మిగల్లేదు. మూడు రోజుల పని చెరిపేయమన్నాను, చెరిపేశారు. సాయంత్రానికి ఇంకో గొంతు వచ్చింది. తెలంగాణ పల్లె ఒక్కటీ చూడనివాడు "గిట్ల, గట్ల" అని ఉప్పు చల్లినట్టు చల్లి వెళ్లాడు. సినిమా విడుదలైంది. పిల్లలు నవ్వారట. నవ్వరా మరి! ఎవరి ఇంటి మాట విని నవ్వాలో మనమే కదా నేర్పుతున్నాం. ఆ కోపం నాకు ఇంకా దిగలేదు, దించుకునే ఉద్దేశమూ లేదు.

దాంతో నేర్చుకున్నదొక్కటే. విలన్ మా మాట మాట్లాడితే నాకు తప్పు కాదు, మాలోనూ వెధవలు కావలసినంత మంది ఉన్నారు. వాడొక్కడే మాట్లాడితేనే తప్పు. ఇప్పుడు ఎవరు పిలిచినా నా పేజీలు తర్వాత, మొత్తం స్క్రిప్టు ముందు అడుగుతాను. రెండు పనులు అలాగే పోయాయి, పోనీ.

పోయిన నెల ఒక దయ్యం పాత్ర వచ్చింది. కాగితాలు తిరగేశాను. అందులో దాన్ని పట్టుకునే పోలీసమ్మ, వైద్యం చేసే డాక్టరమ్మ, ఆ డాక్టరమ్మ ప్రేమించినవాడు, అందరూ మా మాటే. సంతకం పెట్టేశాను. దయ్యం గొంతు నాదే. జర భద్రంగా చూడండి, పాపం పుణ్యం చూడకుండా భయపెట్టాను.