గంజి ముడి

భానుచందర్ ఆ మాట అన్నది నిరుడు మార్చి నెలాఖరున, పటమటలో ఏడుకొండలు సైకిల్ షాపు ముందు నిలబడి, పది మంది వింటుండగా.

"మగ్గం ముడులు తెచ్చి చక్రానికి వేస్తే ఇట్టాగే అవుద్ది. పోయి చీరలు నేసుకోవయ్యా."

అనేసి కారెక్కి వెళ్ళిపోయాడు. చక్రం పుల్లలు బిగించే కీ ఏడుకొండలు చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు యాభై నాలుగేళ్ళు. అందులో ముప్పై అయిదేళ్ళు చక్రాలకు వంకర తీయడంలోనే గడిచాయి. తిట్లు తినని మెకానిక్ ఎక్కడా ఉండడు గానీ, కులవృత్తిని తెచ్చి ముఖాన కొట్టినవాడు అంతకుముందు లేడు. ఈ మనిషి తల దించుకుని నిలబడగా కళ్ళారా చూసి తీరాలని ఏడుకొండలు ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

గొడవంతా సైకిల్ బాల్ దగ్గర వచ్చింది. జట్టుకు ఇద్దరే ఆడే ఆట అది. ఆ సైకిళ్ళకు బ్రేకులుండవు, హ్యాండిల్ గేదె కొమ్ముల్లా పైకి తిరిగి ఉంటుంది. బంతిని ముందు చక్రంతో కొట్టాలి, కాలు నేలకు ఆనించకూడదు. విజయవాడ ఆడపిల్లల జట్టు నిరుడు మొదటిసారి అంతర్జాతీయ సీజన్‌లో అడుగుపెట్టింది. మార్చిలో జర్మనీలో మొదలై, దేశదేశాలు తిరిగి, డిసెంబరులో విజయవాడలోనే ముగిసే సీజన్. జట్టుకు మేనేజరు భానుచందర్. ఆడేది కంకిపాడు రైతుల ఇంటి పిల్ల సుస్మిత, ఆమె జోడీ జ్యోతిర్మయి. చక్రాలు కట్టింది ఏడుకొండలు.

ఆయన కట్టే తీరు వేరు. పెడనలో నేతవాళ్ళ ఇంట పుట్టి, పందొమ్మిదో ఏట మగ్గం దిగి బెజవాడ వచ్చినవాడు. చక్రంలో పుల్ల మీదుగా పుల్ల దాటే ప్రతిచోటా నూలుతో కట్టు కట్టి ముడి వేసేవాడు. ఆ నూలుకు గంజి పట్టించి ఇచ్చేది తల్లి చౌడేశ్వరమ్మ. గంజి నూలు ఎండకు ఆరిందంటే ఎముకలా బిగుసుకుంటుంది. ఆ ముడి పట్టు ఉంది గదా అని పుల్లల్ని ఒక పిసరు వదులుగానే ఉంచేవాడు. దానివల్ల బంతిని కొట్టినప్పుడు చక్రం దెబ్బను మింగేది. ఆ రహస్యం తనకొక్కడికే తెలుసని ఆయనకు గర్వం, అది ముఖంలో దాగేది కాదు కూడా.

జర్మనీలో రెండో ఆటలోనే సుస్మిత ముందు చక్రం మడత పడింది. పిల్ల ఎగిరి పడి ఎడమ భుజం ఎముక విరగ్గొట్టుకుంది. తిరిగి రాగానే భానుచందర్ షాపు ముందుకొచ్చి అన్నదే ఆ మాట. మర్నాటి నుంచి సైకిల్ బాల్ అసోసియేషన్ సైకిళ్ళు పటమట రావడం మానేశాయి.

ఏడుకొండలు మాత్రం తన తప్పని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ప్రయాణం రోజున ఆ సైకిళ్ళ పెట్టె మీద భానుచందర్ తన రెండు సూట్‌కేసులూ పడేయడం కళ్ళతో చూశాడు మరి. రిమ్ము అక్కడే దెబ్బతిన్నది, నింద మాత్రం నా మీద తోశాడు, అనుకున్నాడు. ఒకటే అనుకోవడం, పొద్దున్నా సాయంత్రం.

పగ పట్టినవాడికి పని ఎక్కువ. సీజన్ ఎక్కడ జరిగినా ఏడుకొండలు షాపు బల్ల మీద ఫోను నిలబెట్టుకుని చూసేవాడు. అసోసియేషన్ ఆఫీసు బెంజ్ సర్కిల్‌లో ఉందని అటుకేసి పోవడం మానేసి, చుట్టు తిరిగి వెళ్ళేవాడు. మే నెలలో సుస్మిత బదులు ఇంకో పిల్లతో ఆడిన విజయవాడ జట్టు ప్రాగ్‌లో చిత్తుగా ఓడిన రోజు అరకిలో మైసూర్‌పాక్ తెచ్చాడు. 

"ఎందుకురా స్వీట్లు?" అంది చౌడేశ్వరమ్మ.

"ఓడిపోయారమ్మా."

"ఆ పిల్లకి ఎట్టా ఉందంట?"

"బాగానే ఉంటది," అన్నాడు. నిజానికి ఆయనకు తెలియదు. కంకిపాడు బస్సెక్కితే అరగంట. ఎక్కలేదు. వెళితే అక్కడ భానుచందర్ ఎదురుపడతాడేమోనని ఒక వంక, ఆ పిల్లా ఆ జట్టు మనిషే గదా అని ఇంకో వంక.

జూలైలో సుస్మిత మళ్ళీ సైకిలెక్కింది. అప్పటి నుంచి జట్టు గెలుస్తూ వచ్చింది, ఏడుకొండలుకు అన్నం సయించడం మానేసింది. డిసెంబరు వచ్చేసరికి పట్టికలో జపాన్ నుంచి వచ్చిన ఒసాకా జోడీ మొదట, విజయవాడ రెండోది. చివరి టోర్నమెంటు మన ఇండోర్ స్టేడియంలో. ఆ ఒసాకా అమ్మాయిల చక్రం విమానంలో సొట్టపడిందని విన్నప్పుడు ఏడుకొండలు షాపు మూసేసి పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తాడు. భాష రాదు. చక్రాన్ని వేలితో తిప్పి చూపించాడు, వాళ్ళు తలలూపారు. రెండు రోజులు కూర్చుని, అంతకు ముందెన్నడూ కట్టనంత శ్రద్ధగా కట్టాడు. పద్దెనిమిది ముడులు. ఒక్కో ముడి బిగిస్తూ భానుచందర్‌ను ఒక్కో తిట్టు తిట్టుకున్నాడు. ఆ చక్రం మీద ఒసాకా వాళ్ళు సెమీఫైనల్ కూడా అలవోకగా గెలిచేశారు.

ఆదివారం ఫైనల్, విజయవాడకూ ఒసాకాకూ. ఇంకో గంట ఉందనగా ఏడుకొండలు మెకానిక్కుల బల్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే భానుచందర్ కుర్చీ ఎదురుగా కనిపిస్తుంది. ఒసాకా అమ్మాయి సైకిలు తెచ్చి తిరగేసి, బకెట్లో గుడ్డ తడిపి, చక్రాన్ని రిమ్ము దగ్గర్నుంచి పుల్లల దాకా శుభ్రంగా తుడవసాగింది.

"అదేంటి, నీళ్ళతో తుడుస్తంది?" అన్నాడు పక్కనున్న వాలంటీరుతో.

"చెక్క ఫ్లోర్ కదండీ, దుమ్ము పడకూడదని ఫైనల్స్‌లో రూలు. జర్మనీలో అయితే ప్రతి మ్యాచ్‌కీ తుడిపిస్తారంట."

ఏడుకొండలు లేచి చక్రం దగ్గరకు వెళ్ళాడు. ఒక ముడిని వేళ్ళతో పట్టుకుంటే జారింది. వేళ్ళకు జిగురు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి గంజి వాసన, తల్లి కుండ వాసన. వానాకాలంలో తడి గాలికి మగ్గం మీది గంజి పడుగు మెత్తబడిందంటే పెడనలో మగ్గాలు ఆపేస్తారు. ఆ సంగతి నేతవాళ్ళ ఇంట ఆరేళ్ళ పిల్లకు తెలుసు. పటమట సైకిల్ షాపులో మాత్రం చక్రాన్ని తుడిచేది నూనె గుడ్డతో. అందుకే ముప్పై అయిదేళ్ళుగా ఆయనకు ఆ మాట గుర్తుకు రావలసిన పని పడలేదు.

మార్చిలో విరిగింది సూట్‌కేసుల వల్ల కాదు. ముడి జారింది, వదులుగా ఉంచిన పుల్ల లొంగింది, చక్రం మడత పడింది.

నోరు మూసుకుని స్టూలు మీద కూర్చుంటే చాలు. ఈ చక్రం ఆట మొత్తం నిలబడినా నిలబడవచ్చు, భానుచందర్ తల దించుకోనూ వచ్చు. ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు కూడా. ఏడుకొండలు అతని వంక చూశాడు. పగ ఏమీ తగ్గలేదు. చక్రం ఊడదీసి బల్ల మీద పెట్టి, బ్లేడు తీసి మొదటి ముడి కోసేశాడు.

ఒసాకా అమ్మాయి నిర్ఘాంతపోయింది. జనం మూగారు. పద్దెనిమిది ముడులూ కోసి, ముప్పై ఆరు పుల్లలూ మళ్ళీ బిగించాలి. చక్రాన్ని కదలకుండా పట్టుకునే మనిషి కావాలి. ఎవరివో రెండు చేతులు వచ్చి రిమ్మును పట్టుకున్నాయి. తలెత్తితే సుస్మిత.

"మేనేజర్ గారు తిడతారేమోనమ్మా," అన్నాడు.

"ముందు కానివ్వండి బాబాయ్."

భానుచందర్ కూడా వచ్చి నిలబడ్డాడు. "ఏమైందయ్యా?"

ఏడుకొండలు కీ తిప్పడం ఆపలేదు. "గంజి నూలు తడికి ఆగదండీ. జర్మనీలో విరిగింది కూడా ఇందుకే. తప్పు నాదే."

"నేను ఆ రోజే చెప్పాను గదా," అన్నాడు భానుచందర్ నలుగురికీ వినపడేట్టు.

"చెప్పారు. ముడుల సంగతి నిజమే. చీరలు నేసుకోమన్నది మాత్రం నేను మర్చిపోను."

భానుచందర్ నవ్వి వెళ్ళిపోయాడు. నవ్విన నోటిని ఏం చేయాలో తెలిస్తే ఏడుకొండలు చేసేవాడే. చేతులు ఖాళీ లేవు. చివరి పుల్ల బిగించాక సుస్మిత వంక చూడకుండానే అన్నాడు, "నీ ఎముక విరగ్గొట్టింది నేనేనమ్మా."

"అదెవరు కావాలని చేస్తారు బాబాయ్," అంది ఆ పిల్ల. రిమ్ము వదిలి చేతులు తుడుచుకుంది. "మూడు నెలలు మంచం మీదున్నాను. మీరొస్తారని మా అమ్మ రోజూ అనేది. కంకిపాడు ఎంత దూరం బాబాయ్?"

సమాధానం కోసం ఆగలేదు. హెల్మెట్ తీసుకుని తన సైకిలు దగ్గరకు వెళ్ళిపోయింది.

ఒసాకా అయిదు, విజయవాడ నాలుగు. ఆఖరి నిమిషంలో ఏడుకొండలు బిగించిన చక్రమే బంతిని గోలులోకి కొట్టింది. ఎదురు కుర్చీలో భానుచందర్ మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల దించుకుని అలా చాలాసేపు కూర్చున్నాడట. తొమ్మిది నెలలు ఎదురుచూసిన ఆ దృశ్యాన్ని తర్వాత వాలంటీరు చెబితే విన్నాడు ఏడుకొండలు. ఆ సమయంలో ఆయన చూస్తున్నది సుస్మితను. ఆ పిల్ల సైకిలు దిగి, గెలిచినవాళ్ళతో చేతులు కలపడానికి నడిచి వెళుతోంది. ఎడమ భుజం కుడి భుజం కన్నా ఒక వేలెడు కిందికి ఉంది.