మా సానరాళ్ళ మామ

మామ పోయాడని నాకు తిరుపతి బస్సు కండక్టరు చెప్పాడు. చిత్తూరులో మా స్కూలు ముందర బస్సు ఆపించి, దిగకుండానే మెట్టు మీద నిలబడి, "టీచరమ్మా, మీ మామ తెల్లారుజామున పోయినాడంట. ఎక్కమ్మా, సీటు పెట్టినా" అని కేకేశాడు. జ్వరంగా ఉందని తెలుసు గానీ ఇంతదాకా వస్తుందనుకోలేదు. క్లాసులోనుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే ఎక్కేశాను. పూతలపట్టు దాటాక చూసుకుంటే సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

చంద్రగిరి వచ్చేసరికి ఏడుపు ఆగి భయం మొదలైంది. ఆ భయం అత్త గురించి. మాది గుడి కైంకర్యాల్లో ఉన్న వైష్ణవ కుటుంబం. మా శాఖలో మొగుడు పోయిన ఆడదానికి పదోరోజున తల గొరిగిస్తారు. ఆ ఇంట్లో కత్తికి అడ్డం నిలబడ్డ మనిషి మామ ఒక్కడే. మామకు పిల్లలు లేరు. ఇప్పుడు అత్త పక్కన ఎవరు నిలబడతారు?

మామంటే మా అమ్మకు అన్న. మా నాయన పోయాక అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉన్నాం. నన్ను చదివించింది ఆయనే. తిరుపతిలో హైస్కూలు లెక్కల అయ్యవారు. ఊళ్ళో మాత్రం ఆయన పేరు లెక్కలతో కాదు, సానరాళ్ళతో మోగింది. కత్తులు నూరుకునే పాత రాళ్ళు ఎక్కడున్నా వెతికి తెచ్చి బాగుచేసేవాడు. నూరిన కత్తి తెగుతుందో లేదో తన ఎడమచేతి మీదే గీసుకుని చూసేవాడు. అందుకని మోచేతి దాకా ఒక్క వెంట్రుక ఉండేది కాదు. పిల్లలు నవ్వుతారని ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. పిల్లలు దానికీ నవ్వేవాళ్ళు.

ఈ పిచ్చి ఆయనకు రెండో ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లో పట్టుకుంది. మా అమ్మ అప్పటికే తల గొరిగించుకునే మనిషి. జుట్టు కాస్త మొలిచిందంటే చాలు, మా ఇంటికి వాడుకగా వచ్చే క్షురకుడు పెరటి తలుపు దగ్గర కూర్చునేవాడు. ఒకసారి పని ముగిసి అమ్మ లోపలికి వస్తుంటే, ముసుగు మీద చెవి వెనక ఎర్రగా తడి కనిపించింది. మామ చూశాడు. అమ్మ "ఏం లేదన్నా" అని వంటింట్లోకి పోయింది. మామ కండువా వేసుకుని నేరుగా ఆ క్షురకుడి ఇంటికి పోయాడు, తిట్టడానికి.

తిట్టడానికి పోయిన మనిషి ఒక రాయి పట్టుకుని తిరిగొచ్చాడు. క్షురకుడు చెప్పిన మాట మామ నాకు చాలాసార్లు చెప్పాడు: "కత్తిది తప్పు కాదు సామీ. రాయి గుంట పడిపొయ్యిండాది. ఓడల్లో వచ్చే సీమ రాళ్ళు రావడంల్యా, యుద్ధమంట. ఆయమ్మ తల మింద కత్తి పెట్టేముందు దేవుడికి మొక్కుకుంటా." వాళ్ళ నాయన నాటి రాయి అది. నడుమ పల్లంలా అరిగి, ఏళ్ళ తరబడి నూనె తాగి, జిడ్డుతో నల్లగా ఉంది. మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే, మా అవ్వ, అంటే ఆయన తల్లి, గడప దాటనివ్వలేదు. ఆ వీధికి పోయి వచ్చాడని బావి దగ్గర ఆయనకు స్నానం, రాయికీ స్నానం.

ఆ రాయి మీద నేర్చుకున్నాడు. జిడ్డు వదలాలంటే కుంకుడురసంలో ఉడికించాలని, ఆ తర్వాత పొయ్యిబూడిదలో కప్పెట్టి ఎండలో పెడితే మిగిలిన నూనె బూడిద లాగేస్తుందని, నీడలో నిదానంగా ఆరకపోతే రాయి నెర్రె విడుస్తుందని. నెర్రె విడిచిన రాళ్ళు రెండు మా బావి గట్టున బట్టలు ఉతకడానికి పనికొచ్చాయి. గుంట తీయడానికి పెద్ద కడప బండ మీద స్వర్ణముఖి ఇసుక జల్లి, నీళ్ళు పోసి, రాయిని బోర్లించి రుద్దేవాడు. రుద్దేముందు రాతి మీద పెన్సిలుతో గళ్ళు గీసేవాడు. ఎత్తు ఉన్నచోట గీతలు ముందే పోతాయి, పల్లం ఉన్నచోట మిగిలిపోతాయి. గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. పోయాక మళ్ళీ గీసి మళ్ళీ రుద్దేవాడు. "కంటికి నున్నగా కనబడితే సాలదే, గోటికి తగలకూడదు" అని గోటితో నిమిరి చూపించేవాడు. స్కూలు పెన్సిళ్ళు అరగడం గురించి హెడ్మాస్టరుకు అనుమానం ఉండేది.

"ఊళ్ళోవాళ్ళ ఇండ్లల్లో పప్పు ఉడుకుతాది, మా ఇంట్లో రాళ్ళు ఉడుకుతాయి" అనేది అత్త. అన్నదే గానీ, పొయ్యికింద కట్టెలు ఎగదోసేది కూడా ఆమే.

సెలవొస్తే మామ రాళ్ళ వేటకు పోయేవాడు. రేణిగుంట స్టేషనులో వంటవాడి ఊరగాయ జాడీ మీద బరువుగా ఉన్న రాయిని చూసి, రెండు రైళ్ళు వదిలేసి, అతనితో బేరమాడి తెచ్చుకున్నాడు. పలమనేరులో ఒక చెప్పులు కుట్టే ముసలాయన తన రాయి ఇవ్వనంటే, ఇవ్వకపోతే పోనీ అని అక్కడే కూర్చుని దాని గుంట తీసిచ్చి, చలికి వణుకుతూ ఇల్లు చేరాడు. చిత్తూరులో ఒక దొర సామాను వేలం వేస్తే అందరూ కుర్చీలకు ఎగబడుతుంటే, ఈయన గడ్డం సామాను పెట్టెలోంచి పసుపుపచ్చని రాయి ఒకటి ఏరుకొచ్చాడు. ఆ రాత్రి దాన్ని అత్తకు చూపించినంత మురిపెంగా పెళ్ళినాడు తాళి కూడా చూపించలేదట. అత్తే చెప్పింది.

బాగైన రాళ్ళు ఊళ్ళో క్షురకుల దగ్గరికి పోయేవి. అమ్మ తల మీద కత్తి గీతలు కనబడటం మానేశాయి. మామకు అదొక తృప్తి. నాకూ అప్పుడు అంతే అనిపించింది.

అసలు సంగతి జరిగింది ఒక వానాకాలంలో. రాళ్ళు ఆరబెట్టుకునే పశువుల కొట్టం కారుతోంది. క్షురకుడి నాయన నాటి ఆ మొదటి రాయే మళ్ళీ గుంట పడితే మామ తెచ్చి, కడిగి చదును చేసి, తడి తగలకుండా తులసికోట పక్కన అరుగు మీద పెట్టాడు. మా అవ్వకు చూపు సరిగా ఆనదు. ఆమె గంధపు సాన కొద్దిరోజుల కిందటే పగిలింది. తులసి పక్కన కొత్త రాయి కనబడేసరికి, కొడుకు తనకోసమే తెచ్చాడనుకుని పూజగదిలో పెట్టుకుంది. వారం పైన దానిమీదే గంధం తీసి పెరుమాళ్ళకు పూసింది. "గంధం వెన్న మాదిరి వస్తా ఉండాది, మంచి రాయి తెచ్చినావురా" అని మెచ్చుకుంటే, మామ ఏ రాయో పట్టించుకోకుండా తలూపాడు. రాళ్ళ గురించి ఎవరు మెచ్చుకున్నా ఆయన తలూపేవాడు.

క్షురకుడు తన రాయి కోసం వచ్చాడు. పెరట్లోంచి చూస్తే తెరిచిన పూజగది తలుపులోంచి రాయి కనబడింది. దాని మూల విరుపు అతనికి తెలుసు. "సామీ, అది మా నాయన రాయి" అన్నాడు, అని వెంటనే నోరు మూసుకున్నాడు. కానీ అవ్వ వినేసింది.

అవ్వ పూజగది గడప మీద చతికిలబడి, "పెరుమాళ్ళకు పూసినానురా!" అని నెత్తి కొట్టుకుంది. క్షురకుడు బావి దాకా వెనక్కి జరిగాడు. "నేను లోపలికి రాలేదు సామీ, నాకేం తెలీదు సామీ" అంటున్నాడు. ఊళ్ళో తెలిస్తే అతని గతి ఏమౌతుందో అక్కడున్న అందరికీ తెలుసు.

"నీ తప్పు కాదప్పా. ఆడ పెట్టింది నేను" అన్నాడు మామ.

"ఆ మైల రాయి ఈ పొద్దే ఇల్లు దాటాల. లేకుంటే నేను దాటతా" అంది అవ్వ.

మామ తొందరగా మాట్లాడే మనిషి కాదు. పిల్లవాడికి లెక్క చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "కొండ మింద స్వామి దినామూ ఆ కత్తులు తీసిన తలనీలాలే కదమ్మా తీసుకుంటా ఉండేది. ఆయనకు లేని మైల మనకు యాడిది? లేదు, మైలే అంటావా, సరే. ఈ రాయి మింద నూరిన కత్తే నీ కూతురి తల మింద నడస్తా ఉండాది. రాయి మైలైతే కత్తీ మైలే. రాయి పోతే కత్తీ పోవాల. ఏదో ఒకటి చెప్పు."

"అది శాస్త్రంరా!"

"అయితే తల ఎవరిదో వాళ్ళనే అడుగుదాం" అని మామ వంటింటి వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చెప్పు. నీకు కావాల్నా?"

అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది. తలెత్తలేదు. "వద్దన్నా" అంది. నాకేది కావాలి, నాకేది వద్దు అని మా అమ్మ నోటివెంట నేను వినడం అదే మొదలు.

రాయి క్షురకుడి ఇంటికి పోయింది. అమ్మ కోసం కత్తి మా పెరట్లోకి మళ్ళీ రాలేదు. అవ్వ పెరుమాళ్ళకు పంచగవ్యంతో శుద్ధి చేయించి, జుట్టున్న విధవ వంట మడికి పనికిరాదని ఆనాటినుంచి అమ్మ చేతి వంట ముట్టలేదు. పోయేదాకా తన కుంపటి మీద తనే వండుకుంది. చుట్టాలు అత్తను పేరంటాలకు పిలవడం తగ్గించారు. అమ్మ తల మీద జుట్టు నారుమడిలా మొలిచింది. అత్త వచ్చేపోయేవాళ్ళ ముందర కావాలనే, "మా వదినకు కుంకుళ్ళు దంచాల, రాళ్ళకు మిగిలితే కదా" అని గట్టిగా అనేది.

నాకు మామ మీద కోపం ఉండేది కాదంటే అబద్ధం. ఉద్యోగం వచ్చాక, కాస్త ధైర్యం వచ్చాక, ఒకరోజు అడిగేశాను. "అన్నేండ్లు రాళ్ళు రుద్దినావు గదా మామా, కత్తే వద్దని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" ఆయన రుద్దుతున్న రాయి పక్కన పెట్టాడు. తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "కత్తి నున్నగా ఉంటే సాలనుకున్నానే. ఆపాల అనుకుంటే అమ్మతో, ఊరితో కొట్లాడాల. రాయి రుద్దడం సులభం" అన్నాడు. ఇంకొకరైతే ఏదో ఒక సమర్థన చెప్పుకునేవాళ్ళు. ఆయన చెప్పుకోలేదు. ఆ పూటనుంచి నాకు ఆయన మీద కోపం పోయింది, గౌరవం పెరిగింది.

ఇక పదోరోజు. కర్మ చేసింది మామ పెదనాయన కొడుకు, ఊళ్ళో పెద్దమనిషి. తెల్లవారగానే మా పాత క్షురకుడికే కబురంపాడు. క్షురకుడు వచ్చి ముందు కర్తకు, తర్వాత దాయాదులకు గుండ్లు చేశాడు. చెయ్యి కదిలిందో లేదో అన్నట్టు, నెత్తురుచుక్క లేకుండా, నున్నగా. అది అయ్యాక పెరటి తలుపు దగ్గర పీట వేసి, అత్తను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పది రోజులూ నేను ప్రతి పెద్దమనిషినీ బతిమాలాను. ఆడపిల్లవు, చదువుకున్నావు, నీకు తెలియదులే అన్నారు. అత్తను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

"ఊఁ, కానీప్పా" అన్నాడు కర్త.

క్షురకుడు కత్తి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. మడిచి నేలమీద పెట్టేశాడు. "కత్తి తెగదు సామీ" అన్నాడు.

అప్పుడే అదే కత్తి కింద అయిన కర్త గుండు ఎండకు మెరుస్తోంది. "తెగదా? నూరుకో. ఇంటినిండా రాళ్ళుండాయి గదా!"

"రాళ్ళుండాయి సామీ. ఈ ఇంటి సామి లేడు."

"ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"పిలిపించండి సామీ. ఆళ్ళ కత్తులూ తెగవు. అందరి రాళ్ళూ ఈ సామి చేతిలో బాగుపడినవే."

భయపడుతూనే అన్నాడు. చేతులు కట్టుకునే అన్నాడు. ఒక్క అడుగు వెనక్కి మాత్రం వెయ్యలేదు. పీట మీదున్న అత్త తల ఎత్తి, "నాకొద్దు" అంది. ఎవరికీ వినబడలేదనుకుందేమో, ఇంకోసారి గట్టిగా అంది. "నాకొద్దు. నన్నడిగితే మొదటిరోజే చెప్పేదాన్ని."

కర్త ఏదో అనబోయాడు. అంతలో మా అమ్మ, శుభం అశుభం చూసేవాళ్ళ ముందుకు ఎన్నడూ రాని మా అమ్మ, భుజాల దాకా పెరిగి నెరిసిన జుట్టుతో, ముసుగు లేకుండా అందరి నడుమనుంచి నడిచొచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని పీట మీదనుంచి లేపి లోపలికి తీసుకుపోయింది.

నేను వెనకే పోయాను. వంటింట్లో అత్త నేలమీద కూర్చుంది, అమ్మ ఆమె వెనక కూర్చుంది. పది రోజులు దువ్వెన తగలని జుట్టు చిక్కులు పడి ఉంది. అమ్మ అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, లాగితే నొప్పి పుడుతుందని కొసలనుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పాయ వేళ్ళతో విడదీస్తూ పైకి వస్తోంది. మామ పోయాక మొదటిసారి అత్త నోరు తెరిచి ఏడ్చింది. అమ్మ ఆపమనలేదు. చిక్కు తీస్తూనే ఉంది.