ఖాళీగా వదిలిన గడి

1944 ఫిబ్రవరి. నంద్యాలలో బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు కార్యాలయం. రోడ్ల పనులు చూసే ఓవర్సీరు పరీక్ష ప్యాసైన నాకు అక్కడ గుమాస్తా పని దొరికి రెండు నెలలు. ఆళ్లగడ్డ రేంజి, అంటే ఒక అధికారి తనిఖీ చేసే బడుల ప్రాంతం, అప్పుడే ఖాళీ అయింది. దాన్ని కూడా మా అధికారికే అప్పగించారు. ఒక్క మనిషి, రెండు రేంజిలు, మధ్యలో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు.

మార్చిలోగా తనిఖీ జరగని బడికి రికగ్నిషన్, అంటే సర్కారు గుర్తింపు, పోతుంది. ఆళ్లగడ్డ వైపు పదకొండు బడులు మిగిలాయి. నెలాఖరున అధికారి ఆ వైపు గడపగలిగినవి నాలుగు రోజులే. నేనొక పట్టిక వేశాను: అధికారి ఆళ్లగడ్డలోనే ఉంటారు, పిల్లలే ఆయన దగ్గరికి వస్తారు. చూసుకుని మురిసిపోయి, నకళ్లు బడులకు పంపాను.

వారం తర్వాత ఒక పల్లెబడి టీచరు, రత్నమ్మ, ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

“ఇది రాసిందెవరప్పా?”

“నేనే.”

“పిల్లోళ్లను ఏడు మైళ్లు నడిపించాల్నా? ఆ దావన నువ్వెప్పుడన్నా నడిచినావా?”

“బండి కట్టించుకోండమ్మా.”

“బండ్లన్నీ జొన్నకోతల్లో ఉండాయి. గుర్తింపు పోతే మా అయిదో తరగతోళ్లను ఆళ్లగడ్డ బడిలో చేర్చుకోరు, నాకు తెలుసు. అయినా తోలుకోని రాను. బడి యాడుందో ఆడికే రమ్మను మీ సారును.”

ఆదివారం బస్సులో ఆళ్లగడ్డ పోయి, అక్కణ్నుంచి ఆమె బడికి నేనే నడిచాను. రెండు గంటల నలభై నిమిషాలు. వాగు రెండుసార్లు దాటాలి, నీడ ఒక్కచోటే. నా చెప్పు తెగింది. రత్నమ్మ నీళ్లిచ్చి నా కాళ్ల వైపు చూసింది.

“నీకు చెప్పన్నా తెగె. మావోళ్లకు తెగేదానికి చెప్పులే లేవు.”

ఆళ్లగడ్డ మకాంలో మూడో సాయంత్రానికి పది బడులు అయ్యాయి. అధికారి టూర్ డైరీ, పైఆఫీసుకు పోయే ప్రయాణాల పుస్తకం, నా ముందుకు తోశారు.

“రత్నమ్మ బడికి కూడా వెళ్లినట్టు రాసెయ్యవోయ్. ఆమెకూ మేలే.”

“రాయను సార్.”

“ఉద్యోగం ఉండాలని లేదా?”

“ఉంది. గడి ఖాళీగా ఉంచి సంతకానికి పెడతాను. నింపాలంటే తమరే నింపండి.”

ఆయన కలం తీశారు. మళ్లీ మూత పెట్టారు.

“బండి దొరుకుతుందా?”

“దొరకదు సార్. కోతలు.”

తెల్లవారి ఇద్దరం నడిచాం. పిల్లలు ప్రార్థనకు వరుసగా నిలబడి ఉన్నారు. “ఎంతసేపు పట్టింది సార్?” అంది రత్నమ్మ. ఆయన హాజరుపట్టీ తెరిచారు. మధ్యాహ్నానికి గుర్తింపు కాగితం మీద సంతకం పడింది.

పట్టికలు ఇప్పటికీ వేస్తాను, దారి నడిచి చూశాకే. ఆ సాయంత్రం గడిలో తేదీ రాసి, పక్కన ‘కాలినడకన’ అని చేర్చాను. పైఆఫీసులో నవ్వుతారని ఆ మాట కొట్టెయ్యమన్నారు అధికారి.

కొట్టెయ్యలేదు.