ఎడమ చెంప చుక్క

కాటుక డబ్బీలో బొటనవేలు అద్ది, ఎక్కువైంది చీరచెంగుకు తుడిచి, ఎదురుగా ఉన్న పిల్ల ఎడమ చెంప మీద చుక్క పెడుతుంది పోలమ్మ. మనవరాలు లోహితకు పెడుతుంది. వీధిలో పోయే ఎవరి పిల్లనైనా ఆపి పెడుతుంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు కూడా పెడుతుంది. దిష్టి ఎటునుంచి వచ్చినా ముందు ఆ చుక్కను చూసి ఆగాలని ఆమె నమ్మకం. లోహిత పుట్టి రెండున్నరేళ్లు. పురిటిస్నానం నాటి నుంచి ఆ చెంప ఒక్క పొద్దు కూడా బోసిగా లేదు.

రాచర్లకు రెండు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. నలభై గొర్రెలు, కొన్ని మేకలు, వానను నమ్ముకున్న మూడెకరాలు. కొడుకూ కోడలూ గుంటూరు వైపు మిరపకోతలకు పోయారు. వాళ్లు తిరిగొచ్చేదాకా పిల్ల పోలమ్మ దగ్గరే.

లోహిత మాట్లాడదు. పిలిస్తే తిరగదు. తాకితే మాత్రం ఇల్లంతా వెలిగేట్టు నవ్వుతుంది.

ఆ శనివారం పోలమ్మ మొగుడు లింగయ్య చూరులోంచి ఇనుప కమ్మీ తీశాడు. గొర్రెకు జబ్బు చేస్తే ఆ కమ్మీని నిప్పుల్లో కాల్చి వాత పెడతాడు. ఆ పనికి అతన్ని పక్క ఊళ్లవాళ్లు కూడా పిలుచుకుపోతారు.

"మంగళారం పిల్లకు నుదుటి మీద సన్నంగా ఒక వాత పెడతా. బుద్ధి కదులుతాది" అన్నాడు.

"అదేమన్నా గొర్రా?"

"గొర్రెకైనా పిలిస్తే తెలుస్తాది గదే."

అతను చెడ్డవాడైతే తిట్టి ఆపేది. పిల్లను భుజాన ఎక్కించుకుని మందంతా తిప్పి చూపించేది అతనే. ప్రేమతో చెయ్యబోయే పనిని ఎట్లా ఆపాలో ఆమెకు తెలియలేదు. పిల్లను చంకనేసుకుని అంగన్‌వాడీకి పోయింది.

అంగన్‌వాడీ టీచరు యేసుమణి ఆమె మాట పూర్తిగా విననే లేదు.

"వాతలేంది పెద్దమ్మా! ఆస్పత్రికి తీసుకపోండి."

"బుద్ధి లేనిదానికి ఆస్పత్రోళ్లు ఏం చేస్తారంటాడు మీ పెద్దనాయన. బుద్ధి ఉందని చూపియ్యాల ఆయనకు. ఎట్ల చూపియ్యాల?"

యేసుమణి ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. అందులో తోకలేని పెద్ద నల్లకోతి ఒకటి అద్దం ముందు కూర్చుని ఉంది.

"దీన్ని చింపాంజీ అంటారు. ఇది నిద్రపోతా ఉంటే కనుబొమ్మ మీద ఎర్రరంగు పూసినారు. లేచినాక అద్దం పెట్టినారు. చూడు ఏం చేస్తాదో."

కోతి అద్దంలోకి చూసింది. దగ్గరికి జరిగింది. చెయ్యి ఎత్తి, అద్దాన్ని కాదు, తన కనుబొమ్మను తడిమింది. ఆ వేళ్లను వాసన చూసుకుంది.

"అయ్యో తల్లీ! దానికి తెలిసిపోయినాదే!" పోలమ్మ అరిచింది. పలకలు పట్టుకున్న పిల్లలంతా తలలు ఎత్తారు.

"అద్దంలో ఉండేది నేనే అని తెలియబట్టే చెయ్యి తనమీదికి పోయినాది. మామూలు కోతికి తెలీదంట. ఇంకో కోతి వచ్చిందని మీదికి పోతాదంట."

"అవునమ్మీ! గిద్దలూరు బస్టాండులో చూసినా. మోటరుసైకిలు అద్దంతో కొట్లాడతా ఉన్యాది ఒక కోతి." పోలమ్మ లేచి నిలబడింది. "నిద్రలో చుక్క పెట్టాలంతేనా? మా ఇంట్లో బీరువాకు నిలువెత్తు అద్దం ఉంది."

ఆదివారం మధ్యాహ్నం లోహిత నిద్రపోయింది. పోలమ్మ కాటుక డబ్బీ తీసింది. బొటనవేలు అద్దింది, చెంగుకు తుడిచింది. చెయ్యి దాని దారిన అది ఎడమ చెంప మీదికి పోయింది. పొద్దున పెట్టిన చుక్క మీదే ఇంకా నల్లగా, ఇంకా గుండ్రంగా దిద్దింది. ఈ సంబరం చూడటానికి తోడికోడలు అలివేలమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది.

లోహిత లేచింది. పోలమ్మ పిల్లను అద్దం ముందు నిలబెట్టింది. పిల్ల అద్దంలోకి చూసింది. నవ్వింది. చెంప జోలికి పోలేదు. బీరువా పిడిని పట్టుకుని లాగుతూ ఆడుకుంది.

"కోతికి తెలిసినంత కూడా తెలీదంటివి గదక్కా" అంది అలివేలమ్మ.

"నేనేడ అంటి? నువ్వే అంటివి. లేచి పో."

అలివేలమ్మ పోయింది. కానీ ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

సోమవారం పొద్దున పోలమ్మ పిల్లకు తలంటి పోసింది. గౌను తొడిగింది. డబ్బీ చేతిలోకి తీసుకుంది. రెండున్నరేళ్లు పెట్టిన చుక్క ఏ దిష్టినీ ఆపలేదని అనిపించింది. రేపు నుదుటి మీద పడబోయే మచ్చ ముందు ఈ కాటుక ఎంత? డబ్బీని గూట్లో పెట్టేసి పొయ్యి దగ్గరికి పోయింది.

లోహిత తడి పాదాలతో బీరువా దగ్గరికి నడిచింది.

పోలమ్మ ఊరికే అటు చూసింది. పిల్ల అద్దం ముందు ఆగిపోయింది. నవ్వలేదు. ముఖం అద్దానికి ఆనించేంత దగ్గరగా పెట్టి చూసింది. చెయ్యి ఎత్తింది. తన ఎడమ చెంపను తడిమింది. వేళ్లు చూసుకుంది. వేళ్లకు నలుపు లేదు. మళ్లీ తడిమింది. వెనక్కి తిరిగి, పరుగెత్తుకొచ్చి, అవ్వ బొటనవేలు గట్టిగా పట్టుకుని తన చెంప మీదికి లాక్కుంది.

పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల్లో పడింది. పోలమ్మ చూడలేదు. పిల్లను, తలకు చుట్టిన తడిగుడ్డతోనే ఎత్తుకుని వీధిలో పరుగెత్తింది.

"యేసుమణీ! ఓ యేసుమణీ! చుక్క లేదని చూసుకున్యాదే! ఉంటే కాదు, లేకపోతే చూసుకున్యాది!"

యేసుమణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నుదురు కొట్టుకుంది.

"రోజూ ఉండే చుక్కే గద పెద్దమ్మా నిన్న నువ్వు పెట్టినావు! పుట్టినప్పటి నుంచి ఉండేదాన్ని ఎందుకు తడుముకుంటాది? దానికి చుక్క ఉండేదే మొహం. నీ మనవరాలు చింపాంజీ కన్నా గట్టిది!"

ఇద్దరూ నవ్వారు. పోలమ్మ నవ్వుతూనే ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చేసరికి లింగయ్య దొడ్డి దగ్గర ఉన్నాడు. చెప్పింది విన్నాడు.

"చెంప గోక్కునింటాదిలే."

"పెద్దనాయనా, ఒక్క పని చెయ్యి" అంది యేసుమణి. "పాపను అద్దం ముందర నిలబెడతా. నువ్వు అద్దంలో కనపడకుండా తలుపు పక్కన నిలబడి ఈల వెయ్యి. మందకు వేస్తావే, అట్ల."

లింగయ్య ఈల అర మైలు పోతుంది. తలుపు పక్కన నిలబడి, నోట్లో రెండు వేళ్లు పెట్టి వేశాడు. దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. అవతలి వీధిలో కుక్క మొరిగింది. లోహిత అద్దంలో తన చెంపనే చూసుకుంటోంది. మళ్లీ వేశాడు. పిల్ల కదల్లేదు.

"ఇప్పుడు సప్పుడు చెయ్యకుండా లోపలికి రా."

లింగయ్య చెప్పులు విడిచి నడిచాడు. అద్దంలో అతని తలపాగా కనబడగానే లోహిత కళ్లు పెద్దవయ్యాయి. అద్దంలోని తాత వైపు పోలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, నిజమైన తాత వైపు రెండు చేతులూ చాపింది.

లింగయ్య పిల్లను ఎత్తుకున్నాడు.

"ఇనపడదే దీనికి" అన్నాడు. "పోలీ, దీనికి ఇనపడదే. బుద్ధి లేక కాదు. నేను పిలుస్తా ఉన్యాననేదే తెలీదే పిచ్చితల్లికి."

"నాకూ అదే అనుమానం వచ్చినాది" అంది యేసుమణి. "గిద్దలూరులో చూపియ్యండి. వాళ్లు మార్కాపురం పొమ్మంటే పొండి. చెవులకు డాక్టర్లు ఉన్యారు."

లింగయ్య కమ్మీని చూరులో పెట్టబోయాడు. ఆగి, దాన్ని దొడ్లోకి తీసుకుపోయి మేకల తడికకు అడ్డగడియగా దూర్చాడు.

మంగళవారం పొద్దున పోలమ్మ కోడి కూయకముందే లేచి నీళ్లు కాచింది. పిల్లకు కొత్త గౌను తొడిగింది. అద్దం ముందు కూర్చుని డబ్బీ తెరిచి, బొటనవేలు అద్ది, చెంగుకు తుడిచి, చెయ్యి గాల్లో ఆపింది. లోహిత ఆ వేలిని పట్టుకుని తన చెంపకు తెచ్చుకుంది. అద్దంలో చూసుకుంది. తర్వాత తన బుల్లివేలు డబ్బీలో ముంచి, అవ్వ చెంప మీద ముక్కు దాకా గీసింది.

పోలమ్మ దాన్ని తుడుచుకోలేదు. పిల్లను చంకనేసుకుని, గిద్దలూరు పోయే మొదటి ఆటోకు చెయ్యెత్తి, అట్లాగే ఎక్కింది.