ఖాళీ కాగితం మీద వేలిముద్ర

టీచరుగా రిటైరై చల్లపల్లిలో ఉంటున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు కృత్తివెన్ను వైపు సముద్రం పక్కన ఒక ఊళ్లో పనిచేశాను. అక్కడి ఆడవాళ్లు పడవల దగ్గర చేపలు కొని, ఆటోల్లో ఊళ్లు తిరిగి అమ్ముకుంటారు. వాళ్లలో ఒకామె పిల్లలిద్దరికీ నేనే అక్షరాలు నేర్పాను. అందుకని ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా నాకే ఫోన్ చేస్తుంది.

పోయిన వేసవిలో ఫోన్ చెయ్యలేదు, రెండు బస్సులు మారి మనిషే వచ్చింది.

"బందరు నించి ఏదో సంస్థవాళ్లొచ్చారు టీచరమ్మా. చేపలమ్మేవాళ్లందరికీ ఐసు పెట్టెలు ఊరికే ఇస్తారంట" అంటూ రెండు కాగితాలు నా చేతిలో పెట్టింది.

మొదటిది దరఖాస్తు. రెండోది ఖాళీ తెల్లకాగితం. కింద ఒక మూల పెన్సిల్‌తో చిన్న గుర్తు. అక్కడ వేలిముద్ర వెయ్యాలట.

"వేశావా?"

"మీకు చూపించాకే అన్నాను. పదిమంది వేసేశారు."

ఆ ఊరి చివర వాళ్లు చేపలు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బ ఉంది. దాన్ని రొయ్యల చెరువులకి ఇమ్మని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఊరంతా ఒప్పుకున్నట్టు రాసుకోవడానికి ఇంతకంటే తేలికైన దారేముంది అనిపించింది.

మర్నాడు ఇద్దరం బందరులో ఆ సంస్థ ఆఫీసుకి వెళ్లాం. గోడ నిండా ఫోటోలు. ఇచ్చేవాళ్లు కెమెరా వైపు చూస్తున్నారు, పుచ్చుకునేవాళ్లు కుట్టుమిషను వైపో దుప్పటి వైపో చూస్తున్నారు. అక్కడి మేనేజరమ్మ కాఫీ తెప్పించింది. నేను ముట్టుకోలేదు.

"ఈ తెల్లకాగితం ఎందుకండీ?"

"రసీదుకండీ. పెట్టె ముట్టిందని తర్వాత ప్రింటు తీసుకుంటాం. అందరూ ఒకేసారి దొరకరు కదా."

"ఇంకా ఇవ్వని పెట్టెకి రసీదేంటి?"

ఆవిడ నవ్వి కాఫీ కప్పు నా వైపు జరిపింది. డబ్బెవరిస్తున్నారని అడిగాను. గుడివాడలో ఒక పెద్దాయనట. ఏం చేస్తారంటే, "రొయ్యల చెరువులున్నాయండీ" అంది.

నా పక్కనున్నామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కణ్ణించే గుడివాడ బస్సెక్కాం.

పెద్దాయన వరండాలో కూర్చోబెట్టి అంతా విన్నాడు. "మీ దిబ్బ నాకెందుకమ్మా?" అన్నాడు.

"మరి మాకు పెట్టెలెందుకిస్తన్నారండీ?" అని ఆమె సూటిగా అడిగేసింది.

"మా చెరువుల్లో వాడిన నీళ్లు ఇన్నాళ్లూ మీ కాలవలోకే వదిలాం. చేపలు తగ్గాయని మీవాళ్లు అంటుంటే విన్నాను" అన్నాడాయన.

నిజమే చెబుతున్నాడా, ముసలితనంలో పుణ్యం కోసమా, ఇంకేదన్నా ఉందా? ఆ ముఖంలో నాకేమీ దొరకలేదు. ఆమెకి మాత్రం చెప్పాల్సింది ఇంకా ఉంది.

"ఇచ్చేముందు మమ్మల్నొక్క మాట అడగాల్సిందండీ. ఆళ్లు చూపించిన పెట్టె ఆటోలో పట్టదు."

ఆయన మా ముందే బందరుకి ఫోన్ చేశాడు. వారానికల్లా వేలిముద్రల కాగితాలు తిరిగొచ్చాయి. తొమ్మిదే వచ్చాయి. పదోది ఎక్కడో పడిపోయిందన్నారు. నెల రోజులకి చిన్న పెట్టెలొచ్చాయి. ఏమిచ్చారో రసీదులో రాసి, అందరికీ వినబడేలా చదివించాకే ఆడవాళ్లు వేలిముద్ర వేశారు. ఫోటోలు వద్దన్నారు. పెట్టెలు బాగా పనికొస్తున్నాయి. చెరువుల నీళ్లు మాత్రం ఇంకా ఆ కాలవలోకే వస్తున్నాయి.

ఆ తర్వాత నేను శనివారాలు ఆ ఊరెళ్లి, బడి గదిలో ఆడవాళ్లకి కాగితాలు చదవడం, సంతకం పెట్టడం నేర్పడం మొదలెట్టాను. మొదటిరోజు ఒక ముసలమ్మ గుమ్మంలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఊరికే నేర్పుతావా? దీన్లో నీకేంటి?"

ఏదో చెప్పబోయాను. నాకే నమ్మకంగా అనిపించక ఆగిపోయాను. ఆమె లోపలికి రాలేదు. మూడు శనివారాలు కిటికీ బయట నిలబడి విన్నది. నాలుగో శనివారం వచ్చి, తలుపుకి దగ్గరగా కూర్చుంది.