మెదిపిన సగం

చిమిండైంగ్ అత్త పోయింది. గురువారం పొద్దున్న బజారుకెళ్ళిన మా ఆయన ఖాళీ సంచీతో తిరిగొచ్చి, గుమ్మంలోనే నిలబడి ఈ కబురు చెప్పాడు. పెద్దావిడే, మంచం పట్టి చాలా రోజులైంది. అయినా నాకు దుఃఖం ఆగలేదు.

మాకు చుట్టరికమేమీ లేదు. చిమిండైంగ్ పేటలో నేను కొత్తగా కాపురానికొచ్చిన ఇంట్లో మాది పై వాటా, ఆవిడది కింది వాటా. తల్లి బర్మావిడ, తండ్రి గంజాం నుంచి వచ్చినవాడు. చక్కగా తెలుగులో మాట్లాడేది, కోపమొస్తే మాత్రం బర్మా భాషలోకి దిగిపోయేది. కోపం తరచుగానే వచ్చేది, ఎక్కువగా నా వంట చూసి.

పొద్దున్నే వీధిలో ఉడికించిన గింజలమ్మే ఆడవాళ్ళు కేకలేస్తూ పోయేవారు. ఊరంతా వాళ్ళ దగ్గరే కొనుక్కునేది. అత్త మాత్రం ఎండు చిక్కుడు గింజలు ముందురోజే నానేసి, మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ ఎర్రగా వేగాక పసుపు జల్లి బాణలిలో వేసేది. వేగినవాటిలో సగం తీసి తన పళ్ళెంలో పెట్టుకునేది. ఆవిడకి గింజకు గింజ విడిగా ఉండాలి. మిగతా సగాన్ని గరిటె వెనకతో మెదిపి, ఉడికిన నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ, బాణలి అంచు వదిలేదాకా వేయించేది. అది వాళ్ళాయన, అంటే మామయ్య వాటా. దానిమీద ఇంకో పళ్ళెం బోర్లించి పెట్టేది.

మామయ్య ఇంట్లో ఉంటేగా! బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చిన కొత్తలో, తల్లిని చూసొస్తానని ఓడెక్కి ఇండియా వెళ్ళాడు. అలా వెళ్ళినవాళ్ళని మళ్ళీ రానివ్వలేదు.

కోటా నూనె అడుగంటినప్పుడు అత్త తన గింజల మీద ఉప్పు జల్లుకుని ఉత్తవే తినేది. ఉన్న చుక్క నూనె మెదిపేదాంట్లోకే పోయేది. నేను కడుపుతో ఉండి ఏం తిన్నా ఇమడని రోజుల్లో ఆ పళ్ళెం నా ముందుకు తోసింది. మామయ్యది కదా అని వెనకాడాను.

“ఆయనొచ్చీదాకా నువ్వు తినీ. రేపొస్తే రేపు మల్లీ సేస్తాను,” అంది.

తిన్నాను. ఆ పూట కడుపులో నిలిచింది. అప్పట్నుంచి ఆ వాటా నాదే అయింది. నేను తింటున్నంతసేపూ ఆవిడ వీధి తలుపు వంక చూస్తూ కూర్చునేది. అది చూస్తే దొంగిలించి తింటున్నట్టు ఉండేది. అయినా వదల్లేదు, అంత రుచి మరి.

ఏళ్ళు గడిచాక ఇండియా నుంచి ఎవరో చుట్టపుచూపుగా వచ్చి, మామయ్య అక్కడే పోయాడని చెప్పారు. అత్త ఏడ్చింది, గాజులు తీసేసింది. మళ్ళీ పొయ్యి వెలిగించిన పొద్దున నేను కిందికి దిగి చూస్తే, సగం మెదుపుతోంది. ఇంకా ఎవరికత్తా అని అడిగాను.

“సెయ్యి అలవాటైపోనాదే. నా మాట ఇనదు,” అంది.

తర్వాత మేం బోటాటౌంగ్ పేటకి మారిపోయాం. మా పిల్లలకి మెత్తగా ఉంటేనే ఇష్టం కాబట్టి మొత్తం మెదిపేస్తూ వచ్చాను. బాగానే కుదురుతుంది గానీ, ఇది అత్త చేతిది కాదని నాలుకకి తెలిసిపోతూనే ఉంటుంది.

ఈ పొద్దున గింజలు వేయించాను. ఉల్లిపాయ వాసన తగలగానే, గరిటె పట్టుకోడం కూడా రాదని ఆవిడ సణుగుడు మొదలైనట్టే అనిపించింది. ఒక్కసారి ఎదురుగా కూర్చుని తిట్టించుకోవాలని ఉంది. మెదపబోయి ఆగాను. సగం తీసి పళ్ళెంలో విడిగా పెట్టాను. మా ఇంట్లో గింజలు గింజలుగా ఎవరూ తినరు.

మా ఆయన ఇంకో పళ్ళెం తెచ్చి దానిమీద బోర్లించాడు.