నా భుజం, అన్న కాగితం

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం ఉదయం సింగపూర్‌లోని సెరంగూన్ మైదానంలో ఉండేవి: మా ఐదుగురి జట్టు, కోడిగుడ్డు ఆకారపు బంతి ఒకటి, నడుములకు వేలాడే రిబ్బన్లు, గుంటూరు అన్న జేబులో నాలుగు మడతల కాగితం. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా గెలుపులకు కారణం నా కుడి భుజమేనని నమ్మేవాణ్ణి. (ఆట అమెరికన్ ఫుట్‌బాలే, కాకపోతే పడదోయడం ఉండదు, బంతి ఉన్నవాడి రిబ్బన్ లాగితే చాలు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అంటే నేను.)

అన్న మా ఫ్లాట్‌లో పెద్దవాడు. ఆ కాగితంలో ఆట ఎత్తులన్నీ ఆయనే గీసేవాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి, రెండు లెక్కపెట్టి, దగ్గర్లో ఉన్నవాడికి విసరాలి. వాడు ఎక్కడ తిరుగుతాడో కాగితంలో ముందే ఉంటుంది. "నువ్వు ఆలోచించకు తమ్ముడూ. ఆలోచనంతా ఇందులో పెట్టేశా," అనేవాడు. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచాం. నేను లాప్‌టాప్‌లో ఒక పట్టిక తయారుచేశాను: విసిరిన దూరం, గాలి, బంతి తడి, ముందురోజు తిన్న తిండి. అన్న కాగితానికి మాత్రం గడి పెట్టలేదు.

ఐదో వారం హౌగాంగ్ జట్టు నడిపే అంకుల్ (తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగాయన) పిలిచారు. "మా పిల్లలతో ఒక మ్యాచ్ ఆడి చూపించు తంబీ. బాగుంటే టోర్నమెంట్‌కి నువ్వే." ఎంపికైపోయానని ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. పరీక్ష మ్యాచ్ ఎవరితోనో తర్వాత తెలిసింది: మా అన్న జట్టుతోనే. నా స్థానంలో అన్న నిలబెట్టింది మా ఫ్లాట్‌లోని 'సైంటిస్టు'ను. పరిశోధక విద్యార్థి, బంతిని తడిగుడ్డ విదిలించినట్టు విసురుతాడు. జాలేసింది.

హౌగాంగ్ పద్ధతి వేరు. అందరూ దూరంగా పరుగెత్తుతారు. ఎవరికి విసరాలో నేనే తేల్చుకోవాలి. "ముందు ఎవరికి?" అని అడిగితే, "జస్ట్ సీ అండ్ త్రో లా," అన్నాడు వాళ్లలో ఒకడు సింగపూర్ యాసలో. నేను చూశాను. చూస్తూనే ఉన్నాను. ఈలోపు నా రిబ్బన్ ఎవరి చేతిలోనో ఉండేది. అవతల సైంటిస్టు కళ్లద్దాలు సర్దుకుని, ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టి, నాలుగు గజాల దూరంలో ఉన్నవాడికి బంతి అందించేవాడు. వాళ్లే గెలిచారు. అంకుల్ నా వీపు తట్టి, టోర్నమెంట్ ఊసెత్తకుండా వెళ్లిపోయారు.

"భుజం పట్టేసిందన్నా," అన్నాను.

"భుజం బానే ఉందిలే. పొద్దున మీ అమ్మగారు ఫోన్ చేశారు, మావాడు సెలెక్టయ్యాడంట గదా బాబూ అని. అవునండీ అన్నా. ఇహ నువ్వే చూసుకో."

ఇప్పుడు కొత్తవాళ్లకు ఎత్తులు గీసేది నేనే. నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఛాతీ విరుచుకు తిరిగేవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది. హౌగాంగ్ తరఫున ఆ రోజు నేను విసిరినవి పదకొండు. ఎవరికైనా అందినవి మూడు. అందులో రెండు అవతలి జట్టుకు.